మా రేవు అమ్మేది లేదు

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక మేం నలుగురం బిట్రగుంటలోని ఒక పాత రైల్వే క్వార్టర్ వరండాలో కలిసేవాళ్లం. మేం ఆడే ఆటలో గెలుపోటములు ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. తలపెట్టిన పని కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నా స్నేహితురాలి అన్న. రైల్వే ఉద్యోగి. ఆ క్వార్టర్ ఆయనదే. ఆడేవాళ్లం నేను, నా స్నేహితురాలు, కావలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకతను.

నా పాత్ర కిరాయికి కత్తి తిప్పే మనిషి. చాలా నెలలు ఆడాక మా ముగ్గురికీ ఒక సముద్రపు గుహలో బోలెడు బంగారం దొరికింది. నా స్నేహితురాలు మంత్రపు కవచం కొనుక్కుంది. ఫోన్లతను రెక్కల గుర్రం కొన్నాడు. నేను ఏరు సముద్రంలో కలిసే మొగలో పాడుబడిన పడవల రేవు కొంటానన్నాను. నీళ్లు కారే నాలుగు పడవలు, కప్పు లేని సత్రం ఒకటి.

అన్న పాచిక కింద పెట్టేశాడు.

“ఇది సాహసాల ఆటమ్మా. అంగడి పెట్టుకునేదానికి కాదు.”

“కొనకూడదని రూలు ఉండాదా అన్నా?”

లేదు. పైగా ఆట పుస్తకంలో ఆస్తులకూ వ్యాపారాలకూ ఒక పేజీ ఉంది. నెలకోసారి పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే లాభం, చిన్నది పడితే నష్టం. ఆ పేజీ తీసి గట్టిగా చదివాను. అన్న ఒప్పుకున్నాడు గానీ, నా రేవు మూయించాలని గట్టిగానే అనుకున్నట్టున్నాడు. ముందు వరద వచ్చింది. తర్వాత దొంగలు సత్రం తగలబెట్టారు. నేను మళ్లీ కప్పు వేయించాను. వలలు పోయిన బెస్తవాళ్లను పనిలో పెట్టుకుని, ముందు వాళ్ల జీతాలు, ఆ తర్వాతే నా లాభం అన్నాను.

“నీ పడవల గోలతోనే పొద్దు గూకిపోతా ఉండాది” అని నా స్నేహితురాలు విసుక్కునేది. ఒక యుద్ధంలో రెక్కల గుర్రం చచ్చిపోయి, ఫోన్లతని పాత్ర గాయాలతో మా సత్రానికే వచ్చి పడ్డాక, వాళ్లిద్దరూ కూడా రేవులో వాటా కొన్నారు.

నా మొండితనానికి కారణం ఇంట్లో ఉంది. మా నాన్న రొయ్యల గుంటలు వేస్తాడు. నేను బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను గానీ, ఇంట్లో డబ్బు మాట వస్తే నన్ను లోపలికి పొమ్మంటారు. ఆ ఏడాది గుంటకు జబ్బు తగిలింది. రొయ్యలు వెంటనే పట్టి అమ్మాలి. కొనేవాడు వచ్చి, గట్టు మీద నిలబడి, సగం రేటు చెప్పి ఊరుకున్నాడు. బతిమాలలేదు, తొందరపడలేదు.

“ఇంకొకరిని పిలుద్దాం నాన్నా” అన్నాను.

“నీకేం తెలుసు? నువ్వు ఇంట్లోకి పో.”

రొయ్య ఆగదని వచ్చినవాడికి తెలుసు. నాన్న ఆ రేటుకే ఇచ్చేశాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ వారమే ఆటలోకి సేనాధిపతి వచ్చాడు. అన్న గొంతు లావు చేసి చెప్పాడు: “రేవు రాజుగారికి కావాలంట. పదో వంతు ధర ఇస్తారంట. సంతకం పెట్టు.”

“పెట్టను.”

“ఎనకాల సైన్యం ఉండాది.”

“ఆ సైన్యం యాడికి పోవాల?”

“ఏరు దాటి అవతలి కోటకి.”

“ఎప్పటికల్లా?”

అన్న కొంచెం తడబడ్డాడు. “వానలు పడేలోగా.”

ఆగలేనిది ఎవరో నాకప్పుడు అర్థమైంది.

“అట్టయితే మా పడవలన్నీ సముద్రంలోకి తోలుకుపోతా ఉండాం. వానలు పడిందాకా రాము. సేనాధిపతిని సత్రంలో కూర్చోమను. మంచినీళ్లు ఊరికే ఇస్తాం.”

“పాచిక వెయ్యి” అన్నాడు అన్న. వేశాను. మూడు పడింది. నాలుగు పడవల్లో రెండింటిని సైనికులు పట్టేసుకున్నారు.

“ఇప్పుడేమంటావ్?”

“నడిపేవాళ్లేరి? మావాళ్లు తెడ్డు ముట్టుకోరు.”

“తలలు తీస్తాడు.”

“తల తీస్తే తెడ్డెవరు వేస్తారన్నా?” అన్నాడు ఫోన్లతను. నా స్నేహితురాలు పకపకా నవ్వింది.

కథలో మబ్బులు పట్టాయి. చివరికి సేనాధిపతి మామూలుకు రెట్టింపు పడవ కూలి ఇచ్చి సైన్యాన్ని దాటించుకున్నాడు. రేవు మాదేనని రాసి ముద్ర కూడా వేశాడు.

అన్న పుస్తకం మూసేశాడు. “మీరు డ్రాగన్‌ను చంపే కథ మొత్తం రాసి పెట్టుకోనుంటి. అంతా పాడు చేసినావు.”

“కథ నీ ఒక్కడిదే కాదు గదన్నా.”

తర్వాత కొన్ని ఆదివారాలు ఆట లేదు. నేను వెళ్లి బతిమాలనూ లేదు.

ఈలోగా మా గుంటల్లో తర్వాతి పంట పట్టుబడికొచ్చింది. నేను ముందే రొయ్యలు కొనేవాళ్లకు, నెల్లూరులో ఒకరికి, నాయుడుపేటలో మరొకరికి ఫోన్ చేశాను. పోయినసారి కొన్నాయన వచ్చేసరికి వాళ్లిద్దరూ గట్టు మీదే ఉన్నారు. నాన్న నా వైపు కోపంగా చూసి, “ఇంట్లోకి పో” అన్నాడు.

“పోను నాన్నా. రేటు తేలిందాకా ఈడే ఉంటా.”

ఉన్నాను. రేటు తేలింది, ఈసారి సగానికి కాదు. దాని గురించి నాన్న ఈనాటికీ నాతో మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు.

ఒక శనివారం అన్నే ఫోన్ చేశాడు. “రేపు రా. ఇంకో దొర వస్తా ఉండాడు. ఈ తూరి ఏటి మీద వంతెన కట్టిస్తాడంట. నీ రేవు సంగతి అయిపోయినట్టే.”

“వంతెనకు కలప కావాల గదన్నా” అన్నాను. “అక్కడ అడవి ఎవరిదో కనుక్కోని పెట్టు. మేం కొంటాం.”