ఆలస్యంగా పడిన దరువు

మా అక్క వేదిక ఎక్కిందంటే ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళకి గుండెల్లో రాయి పడేది. ఆ పూట ఎవరిని పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. తాతల కాలం నాటి గౌను, మోచేతుల దాకా నల్లటి గ్లవ్స్, నెత్తిమీద ఈక గుచ్చిన చిన్న టోపీ. పాట సగంలో దిగివచ్చి, ఏ బట్టతలాయన కుర్చీ మీదికో వాలి, "ఏమండోయ్, మా ఇంట్లో గ్లాసులు రెండున్నాయి. ఒకటి కొన్నప్పటినుంచీ ఖాళీయే. నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అనేది. ఆయన చెవులు ఎర్రబడేలోగా వెనకనుంచి దరువు పడేది. డబ్, డబ్, ఛన్! హాలంతా గొల్లుమనేది.

ఆ దరువే లేకపోతే అందులో నవ్వడానికి ఏముంది చెప్పండి? ఒక ఒంటరి ఆడమనిషి తన ఇంట్లో వాడని గ్లాసు గురించి చెప్పుకుంటోంది, అంతేగా. మాటకీ దెబ్బకీ మధ్య ఒక్క ఊపిరంత సందు ఉండాలి. ముందే పడితే మాట చచ్చిపోతుంది. ఆలస్యమైతే నవ్వాలో జాలిపడాలో తెలియక జనం మొహాలు చూసుకుంటారు. మా డ్రమ్ములాయన చెయ్యి ఒక్కనాడూ ముందు పడలేదు, ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. అందుకే ఆయన్ని దరువుగారు అనేవాళ్ళం. భార్య పోయిన మనిషి, మాట బహు పొదుపు. చెప్పాల్సిందంతా ఆ రెండు పుల్లలతోనే చెప్పేవారు.

అక్క అంటే పెద్దమ్మ కూతురు. నేను పియానో. శాక్సఫోన్ ఊదేవాణ్ణి బుగ్గలు అని పిలిచేవాళ్ళం, పెద్ద బాస్ వాయించే అతన్ని పొడుగు అని. ఒక హోటల్ కింది అంతస్తులో, సాయంత్రం టీ వేళ, పాతకాలపు క్యాబరే పద్ధతిలో జాజ్ పాటలు పాడేవాళ్ళం.

అక్క గడియారాలు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఉండేది. ఒకరోజు పొద్దున్నే వెళితే తలుపు ఓరగా వేసి ఉంది. లోపల గ్లవ్స్ తాడు మీద ఆరుతున్నాయి. అక్క స్టవ్వుతో మాట్లాడుతోంది. "ఏమే, ఇవాళైనా వెలుగుతావా, లేక నీకూ తలనొప్పేనా?" అని, చెంచా తీసుకుని గ్లాసు మీద టింగుమనిపించింది. నన్ను చూసి సిగ్గేమీ పడలేదు.

"ఏం చెయ్యనే పిల్లా, ఇంట్లో దరువుగారు లేరుగా," అంది.

నవ్వాను. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది.

ఇలా నడుస్తుండగా దరువుగారికి మోకాలు మొరాయించింది. డ్రమ్ము పెడల్ తొక్కే కాలే అది. వేరే ఊళ్ళో ఉన్న కూతురు వచ్చెయ్యమందట. ఆదివారం షో ఆఖరుదని చెప్పి, ఆయన డ్రమ్ముల మీది ఇత్తడి తాళాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. అక్క ఆ వారమంతా జోకులు తగ్గించేసింది.

ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్‌కి ముందు, అలంకరణ గదిలో తన గ్లవ్‌కి గుండీలు పెట్టమని నాకు చెయ్యి ఇచ్చింది. చెయ్యి చల్లగా ఉంది.

"ఇవాళ అడిగేస్తాను," అంది.

"ఎవర్ని?"

"ఎవర్నేమిటే మొద్దూ. దరువుగార్ని. నిజంగానే అడుగుతాను. నవ్వావంటే చంపుతాను."

"కాదంటేనో?"

"అనడు. ఇన్నేళ్ళూ నా ప్రతి మాట చివరా ఉన్నవాడు, ఈ మాట చివర ఎందుకుండడు?"

పక్కకి పిలిచి అడగవే తల్లీ అని బతిమాలాను. వినలేదు. వేదిక మీద నిలబడితే తప్ప మా అక్కకి ఎవర్నీ ఏమీ అడగడం చేతకాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

హాల్లో కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. మొదటి పాట అయిపోగానే అక్క వెనక్కి తిరిగింది.

"దరువుగారూ."

"చెప్పండి."

"కూతురి దగ్గరికే వెళ్ళాలాండీ? ఆ మోకాలేదో మా ఇంట్లో కూడా నొప్పి పెడుతుందిగా. తైలం రాయడం నాకూ వచ్చు. మెట్ల దగ్గర చెయ్యిస్తాను. ఉండిపోండి."

ఆయన తలెత్తి చూశారు. పుల్లలు గాల్లోనే ఉన్నాయి. ఆ తరువాత డబ్, డబ్, ఛన్.

బుగ్గలు పడీపడీ నవ్వాడు. "ఇది సాయంత్రం షోలో పెట్టక్కా, అదిరిపోతుంది," అన్నాడు పొడుగు. అక్క అందరికంటే గట్టిగా నవ్వి, "రెండో పాట ఎత్తుకోవే పిల్లా," అంది. ఎత్తుకున్నాను. ఏం వాయించానో నాకే తెలియదు.

పాట కాగానే విసురుగా లేచాను. అది జోకు కాదు మహానుభావా అని ఆయన మొహం మీదే చెప్పెయ్యాలని. అక్క నా మణికట్టు పట్టుకుని పక్కకి లాగింది.

"ఎక్కడికే?"

"ఆయనకి అర్థం కాలేదక్కా."

"అయింది. దెబ్బ ఆలస్యంగా పడింది, వినలేదూ? ఆ చెయ్యి ఎప్పుడైనా ఆలస్యమైందా? ఆలోచించుకునే కొట్టాడు. అందరి ముందూ కాదనలేక నవ్వులాటలో కలిపేశాడు. మంచివాడే."

మంచివాడట! ఆ మంచితనాన్ని ఏ గంగలో కలుపుకోను? అక్క మాత్రం అద్దం ముందుకి వెళ్ళి, టోపీలో ఈక సరిచేసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, కాటుక చెరుగుతుందని కాబోలు.

సాయంత్రం హాలు నిండింది. మూడో పాట సగంలో అక్క కిందికి దిగి, ఒక బట్టతలాయన దగ్గర ఆగింది. గ్లాసుల మాట ఎత్తుతుందనుకున్నాను.

"ఏమండోయ్, ఇందాకే ఒకాయన్ని అడిగానండీ. కుదరదన్నాడు. పోనీ మీరేమంటారు?" అంది.

దరువుగారి వైపు చూశాను. పుల్లలు రెండూ ఒళ్ళో ఉన్నాయి, ఆయన వాటినే చూస్తున్నారు. జనం నవ్వడానికి నోళ్ళు తెరిచి, అలాగే ఆగిపోయారు.

అక్క ఒక్క ఊపిరి ఆగింది. సరిగ్గా ఎంత ఆగాలో అంతే. ఆ తరువాత తన జోడు మడమతో తనే నేల మీద టక్కుమని కొట్టింది. హాలు గొల్లుమంది. అక్క పాటలోకి వెళ్ళిపోయింది.