చెంప మీద పలికిన గొంతు

మాది నంద్యాల. ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాక నాతోటి వాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్తే, నేను చెన్నైలో వైద్య పరికరాల తయారీ మీద ఎంటెక్‌లో చేరాను. ఎందుకని అడిగితే అప్పట్లో నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. చేత్తో ఏదైనా తయారు చేయాలని ఉండేది, అంతే.

రెండో ఏడాది ప్రాజెక్టుకి నేను ఎంచుకున్నది, గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన వాళ్లు మాట్లాడటానికి వాడే పరికరం. చిన్న టార్చిలైటులా ఉంటుంది. దాని కొనను మెడకి ఆనించి మీట నొక్కితే లోపలి పలక అదురుతుంది. ఆ అదురు చర్మం గుండా నోట్లోకి చేరుతుంది. పెదవులూ నాలుకా కదిపితే అదే మాటై బయటికొస్తుంది. నేను చూసినవి బరువుగా ఉండేవి, గరగరమనేవి. అంతకంటే తేలికైనది, వినడానికి కాస్త మెత్తనిది చేయాలన్నది నా పని.

నెలల తరబడి ల్యాబ్‌లో కూర్చుని రబ్బరు దిమ్మ మీద దాన్ని పరీక్షించాను. కొలతలన్నీ బాగా వచ్చాయి. ఆ గ్రాఫులు పట్టుకెళ్లి మా గైడ్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఓపిగ్గా చూసి, "బాగుంది. మాట పోయిన మనిషిని ఇంతవరకు ఒక్కరినైనా కలిశావా?" అని అడిగారు. లేదన్నాను. ఆస్పత్రి అనుమతులన్నీ ఆవిడే దగ్గరుండి తెప్పించి, అక్కడి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి నన్ను పంపారు.

ఆ థెరపిస్టు గదిలోనే కలిశారు, చింతాద్రిపేట నుంచి వచ్చిన దంపతులు. తరాల కిందటే ఈ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఆయన వాషర్‌మెన్‌పేట్‌లో చీరల కొట్టులో పనిచేసి మానేశారు. గడప తొక్కిన వాళ్లని మాటలతోనే కూర్చోబెట్టి చీరలు పరిచిన మనిషి. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. అప్పట్నుంచి ఆయన సైగ చేయడం, భార్య దాన్ని మాటల్లో చెప్పడం.

"మన భాషేనా నువ్వు? ఏ ఊరుమా?" అందావిడ నా మాట వినగానే. చెప్పాను. "దూరమే. ఈడ ఎవరుండారు నీకు?"

హాస్టల్లో ఉంటున్నానన్నాను. ఆయన చేత్తో ఏదో చూపించారు. "హాస్టల్ కూడు బాగుండదంటా ఉండారు" అందావిడ. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన అన్నది అది కాదని నాకే తెలిసింది. ఆవిడ మాత్రం అప్పటికే ఇంకో మాటలోకి వెళ్లిపోయింది.

పరికరాన్ని ఆయన మెడకి ఆనించి మీట నొక్కాను. బుయ్‌మని చప్పుడొచ్చింది, మాట రాలేదు. కిందికి జరిపాను, పక్కకి జరిపాను. ఆయన పెదవులు కదుపుతూనే ఉన్నారు, ఒక్క అక్షరం వినబడలేదు. నా మొహం చూసి ఆయనే నా చేయి తట్టారు.

థెరపిస్టు ఆయన మెడ ముట్టుకుని చూడమంది. అట్టలా బిగిసిపోయి ఉంది. రేడియేషన్ పెట్టిన మెడల్లో కొన్ని ఇలాగే అవుతాయని, అదురు లోపలికి సరిగా పోదని, అలాంటప్పుడు చెంప మీద పెట్టి చూడాలని చెప్పింది. నేను చేసిన కొన చెంపకి చాలా పెద్దది. రెండు ముక్కలు వచ్చీరాకుండానే జారిపోయింది.

ల్యాబ్‌కి తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. కొన చిన్నది చేశాను, అంచుకి మెత్తటి సిలికాన్ వేశాను. ఆస్పత్రికి తీసుకెళ్లడం, ఆయన చెంప మీద పెట్టడం, ఏదో ఒకటి కుదరక వెనక్కి రావడం. ఒకసారి ఆయన చర్మం కందిపోయింది. నేను బెదిరిపోతే ఆవిడ, "దానికేముందిమా, రేపటికి తగ్గిపోతుంది. నువ్వు మళ్లీ చేసుకురా" అంది. ఆ మాట అనకపోతే ప్రాజెక్టు మార్చుకునేదాన్నేమో.

ఆస్పత్రి గోలలో సరిగా వినబడటం లేదని, మేడమ్‌ని అడిగి ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికే వెళ్లాను. ఆవిడ కాఫీ తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. పరికరం తానే అందుకుని చెంపకి ఆనించుకున్నారు.

"చక్కెర ఎక్కువైంది."

యంత్రం గొంతే, ఎత్తుపల్లాలు లేవు. కానీ ప్రతి అక్షరం తెలిసింది. ఆవిడ నిలబడ్డచోటే ఉండిపోయింది.

"ఏడాదిగా చెప్తా ఉండా, కొంచెం చాలని" అంటూ ఆయన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి చూపించారు.

"అది ఇంకొంచెం వెయ్యమనడం కాదా?" అందావిడ.

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు కదిలాయి. నవ్వు ఆగాక ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకో తూరి మాట్లాడండి."

"కాఫీ గురించా?"

"కాఫీ సంగతి వద్దు. నన్ను పిలవండి, ముందర పిలిచినట్టు."

ఆయన పరికరం సర్దుకుని "ఏమే" అన్నారు.

"ఆఁ" అని పలికిందావిడ, పక్కనే కూర్చుని, వంటింట్లోంచి పలికినట్టు. నేను రికార్డరు నొక్కడం మర్చిపోయి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను. కొలతల కోసం ఆ రోజంతా మళ్లీ మాట్లాడించాల్సి వచ్చింది. ఆయనకి అది శ్రమే అనిపించలేదు.

తర్వాత ఆయన ఆస్పత్రికి తనంతట తానే వచ్చి కొత్త రోగుల పక్కన కూర్చునేవారు. తమిళంలో, తెలుగులో, ఎవరికి ఏది వస్తే అందులో, పరికరం ఎక్కడ ఆనించాలో చూపించేవారు. చీరలు అమ్మిన ఓపికంతా అక్కడ కనబడేది. మేం చెబితే తలాడించి ఊరుకున్నవాళ్లు ఆయన చెబితే ప్రయత్నించేవారు.

ఇప్పుడు చెన్నైలోనే ఒక చిన్న సంస్థలో అలాంటి పరికరం మీదే పనిచేస్తున్నాను. ఇంకా బజారుకి రాలేదు. గొంతులో ఎత్తుపల్లాలు తేవడం ఇంకా చేతకాలేదు. కుదరని రోజుల్లో వాళ్లిద్దర్నీ తలుచుకుంటాను. ముక్కూమొహం తెలియని పిల్లకి చెంప అప్పగించి, అన్ని నెలలూ ఒక్కసారీ విసుక్కోలేదు. నేను చదివిన చదువులో సగం వాళ్లు పెట్టిందే.

పట్టా చేతికొచ్చిన రోజు స్వీట్లు తీసుకుని నేరుగా చింతాద్రిపేట వెళ్లాను. తలుపు తీసిన ఆవిడ, "సెరి, ఇంక పెళ్లెప్పుడు?" అంది.

లోపల్నుంచి ఆయన గొంతు వినబడింది. "ముందు ఆ పిల్లని లోపలికి రానియ్యవే."