ఈసీ వాగు వెంట, వదిన వెనక

మా వదిన నన్ను సైకిల్ యాత్రకు రమ్మన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానం కలిగింది.

ఆమె మా అన్న భార్య. శంషాబాద్‌లో ఉంటూ, రోజూ బస్సెక్కి షాద్‌నగర్ దాకా పోయి అక్కడి అంగన్‌వాడీలో పిల్లలకు చదువు చెప్పి వస్తుంది. నేను విమానాశ్రయం కార్గో ఆఫీసులో పనిచేస్తాను. పెళ్లి చేసుకోలేదు. వాళ్ల ఇంటికి నాలుగు వీధుల అవతల కిరాయికి ఉంటాను. ఇద్దరమూ నలభై దాటాకే సైకిల్ నేర్చుకున్నాం. ఆదివారం పొద్దున్నే కాసేపు తొక్కి, రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీలు తిని, ఎవరిళ్లకు వాళ్లం పోయేవాళ్లం. అంతకు మించి ఆమె తనకోసం ఫలానా చోటికి పోదామని అనగా నేను వినలేదు.

అటువంటి మనిషి ఒకరోజు, "రెండు రోజులు సెలవు పెట్టు పిల్లా. హిమాయత్‌సాగర్ వెనక నుంచి ఈసీ వాగు పట్టుకొని మెల్లగ పోదం. ఆ ఊళ్లల్ల దొరల పాత గడీలు, నవాబుల బంగ్లాలు ఉన్నయంట. చూసొద్దం" అన్నది.

హిమాయత్‌సాగర్ వెనకే మా నాన్న మిగిల్చిపోయిన రెండెకరాల మెట్టపొలం, మా మాటలో చెలక, ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నీళ్లన్నీ చెరువులోకే వస్తాయి కాబట్టి అక్కడ పెద్ద కట్టడాలు కట్టకూడదని ఎప్పటి నుంచో ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు ఎత్తేస్తారన్న మాట పుట్టిన ప్రతిసారీ మా అన్నకు నిద్ర పట్టదు. అమ్ముదామంటాడు. నా సంతకం లేనిదే అది కదలదు. నేను పెట్టనన్నాను. ఆరు నెలలుగా మా ఇద్దరి మధ్య మాటలు పొడిపొడిగా ఉన్నాయి. ఇప్పుడు వదిన వచ్చి సరిగ్గా ఆ దిక్కుకే యాత్ర అంటే, నన్ను మెత్తబరచడానికి మా అన్నే పంపాడని అనుకోక ఇంకేమనుకుంటాను? అయినా సరేనన్నాను. ఏం చెబుతుందో చూద్దామనుకున్నాను.

చలికాలం పొద్దు. చెరువు కట్ట దాటి వాగు వెంబడి మట్టిదారి ఎక్కాక మనసు కొంత తేలికపడింది. ఒక పక్క రెల్లు, సన్నగా మెరిసే నీళ్లు. ఇంకో పక్క జామతోటలు, టమాట చేన్లు, మధ్యలో పట్నం వాళ్ల ఫామ్‌హౌసుల ఎత్తైన గోడలు. దిగబోయే విమానాలు చక్రాలు చాపుకొని నెత్తిమీదుగా పోతుంటే చేనిలో కొంగలు కూడా తల ఎత్తేవి కావు. మేము నడక కంటే కాస్త వేగంగా, మాటలు చెప్పుకుంటూ తొక్కాం.

మొదటి బంగ్లా ఒక మిట్ట మీద ఉంది. వేటకొచ్చినప్పుడు నవాబులు దిగేవాళ్లట. పైకప్పు సగం పోయింది. ముందరి కమానుల మీద గచ్చు పూలు మాత్రం ఇంకా నిలిచి ఉన్నాయి. నేను వాటిని చూస్తుంటే వదిన వాటి వైపు కన్నెత్తలేదు. నేరుగా వెనక పెరట్లోకి పోయింది. కూలిన గోడల మధ్య ఏదో వెతుకుతూ తిరిగింది. తర్వాత పక్కకు పోయి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఎవలు వదినె?"

"మా అమ్మ."

వాళ్లమ్మతో మాట్లాడటానికి గొంతు తగ్గించడం ఎందుకు? మా అన్నే అయ్యుంటాడనుకున్నాను.

మధ్యాహ్నానికి నా అనుమానానికి ఇంకో తోడు దొరికింది. ఎర్ర మోటర్‌సైకిల్ మీద, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి. టీ తాగుతుంటే ఎదుటి చెట్టు కింద ఉన్నాడు. ఊరు దాటాక వెనక ఉన్నాడు. మేము ఆగితే ఆగాడు. ఊరూరా వదిన ముసలివాళ్లను ఆపి, "ఈ ఊళ్లె గడీ ఉందా? ఇప్పుడు ఎవలి చేతిల ఉంది?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నలు, వెనక ఈ మనిషి. బేరం కుదిర్చే దళారిని కూడా వెంటబెట్టుకునే బయల్దేరిందని తేల్చేసుకున్నాను. ఆ రాత్రి ఆమెతో పనిచేసే టీచరమ్మ ఇంట్లో పడుకున్నాం. ఇద్దరం ఒకే చాప మీద, నేను అటు తిరిగి.

మర్నాడు వాగు మలుపు దగ్గర ఒక ఊరు చేరాం. దాని పేరు రాయను. అక్కడ గడీ బాగానే నిలబడి ఉంది. ఇప్పటి యజమాని దాన్ని పెళ్లి ఫోటోలు తీసుకునే వాళ్లకు కిరాయికి ఇస్తాడట. పెద్ద తలుపుకు తాళం. వదిన ఫోన్ చేత్తో పట్టుకుని ప్రహరీ వెంట చుట్టూ నడుస్తోంది. అప్పుడే ఎర్ర మోటర్‌సైకిల్ వచ్చి మా సైకిళ్లకు అడ్డంగా ఆగింది. వెనకాలే ఐదారుగురు మనుషులు పోగయ్యారు.

"ఏందక్కా, నిన్నటి సంది చూస్తున్న" అన్నాడు తువ్వాలు మనిషి. "ఏ కంపెనీ? ఏం కొలుస్తున్నరు?"

"ఏం కొలుస్తలేం తమ్మీ. చూడనీకి వచ్చినం" అన్నది వదిన.

"అందరు గట్లనే అంటరు. పోయిన తాప ఇద్దరొచ్చిన్రు, పిట్టల ఫోటోలు తీస్తమన్నరు. నెల తిరగకముందే మా చెలకల్ల హద్దు కడీలు పాతిన్రు. సైకిళ్ల మీద వస్తే మాకు అనుమానం రాదనుకున్నరా?"

నేను ఇతణ్ని దళారి అనుకుంటే, ఇతను మమ్మల్ని దళారులనుకుంటున్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వే వేళ కాదు. ఒకాయన అప్పటికే నా సైకిల్ వెనక సంచి విప్పబోతున్నాడు. నేను సంచి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

వదిన ఫోన్ జేబులో పెట్టుకుంది.

"మేము భూమి కోసం రాలే తమ్మీ. మా అమ్మమ్మ గిసొంటి గడీలనే ఆడబాపగ ఉండె. ఏ ఊరి గడీనో తెల్వది. ఎతుకుతున్న."

ఆమె కోడలిగా వచ్చిన ఇరవై ఏళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎన్నడూ వినలేదు. దొర బిడ్డకు పెళ్లిచేసి అత్తారింటికి పంపేటప్పుడు చీరలతో, గిన్నెలతో పాటు ఒక ఆడపిల్లను కూడా తోడు పంపేవారు. ఆ పిల్లే ఆడబాప. దొరసానికి కాళ్లు పిసకాలి, నీళ్లు తోడాలి. ఆ ఇంటి మగవాళ్లు ఏం చేసినా కాదనే దిక్కు ఉండదు. వెనక్కి పోవడానికి ఊరు ఉండదు.

మూగిన వాళ్లలో వెనక నుంచి ఎవరో, "ఆడబాప మనవరాలంటే దొర వారసులే గదా. కేసు ఏస్తరు సూడు" అన్నారు.

వదిన ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "మా అమ్మకు తండ్రి ఉన్నడు. గొర్లు కాసేటోడు. మా అమ్మమ్మ గడీకెల్లి పారిపోయినంకనే ఆయినను చేసుకున్నది" అన్నది.

తువ్వాలు మనిషి మోటర్‌సైకిల్ పక్కకు తీశాడు. పూర్తిగా నమ్మలేదని మొహమే చెబుతోంది. "మా నాయనమ్మ చిన్నప్పుడు ఈ గడీల చాకిరి చేసింది. ఇంటికి పోదం పాండ్రి. ఆమెను అడుగుదురు" అన్నాడు. మేము ముందు, అతను వెనక. దారిపొడుగునా అతని కళ్లు మా సంచుల మీదే ఉన్నాయి.

ముసలమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. వదిన ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. నేనూ అప్పుడే విన్నాను. అమ్మమ్మ ఊరి పేరు చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదట. పేరు పలికితే వాళ్లొచ్చి పట్టుకుపోతారని భయం. చెప్పినదల్లా ఒక్కటే: గడీ వెనక పెరట్లో మెట్లబావి, దానికి వంగి పోవాల్సినంత పొట్టి తలుపు, పక్కనే వాగు చప్పుడు.

"ఉండె బిడ్డా, ఆ పిల్ల ఉండె. నాకు యాదికున్నది" అన్నది ముసలమ్మ.

"సన్నగ, పొడుగ్గ ఉండేదా అవ్వా?"

"అవును, సన్నగ, పొడుగ్గ."

"పాటలు మంచిగ పాడేదంట."

"అబ్బో, పాడేది బిడ్డా."

వదిన కళ్లు తడిశాయి. కానీ నేను చూస్తుండగానే ఆ కళ్లలోకి ఇంకేదో వచ్చింది. కాసేపు చింతగింజలను వేలితో కదిపి, "ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ ఉండె గదా అవ్వా?" అని అడిగింది.

"ఉండె, ఉండె. గింత ఉండె" అని ముసలమ్మ వేలు చూపింది.

వదిన తల ఊపి, ఆమె చేతులు పట్టుకుని లేచింది. మనవడితో, "ఒక్కసారి వెనక బావి చూస్తం తమ్మీ" అన్నది. అతను పనిమనుషుల దారిలోంచి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. బావి ఉంది. సగం పూడ్చారు. మెట్లు ఉన్నాయి. తలుపు లేదు. గోడ ఉండాల్సిన చోట ఫోటోల కోసం కట్టిన ఊయల ఉంది. వదిన మెట్ల మీద కూర్చుని కొంచెంసేపు వింది. వాగు చప్పుడు నాకు వినిపించలేదు. ఆమెకు వినిపించిందో లేదో అడగలేదు.

తిరుగు దారిలో వాగు ఒడ్డున బండ మీద కూర్చుని జామపండ్లు తిన్నాం.

"పుట్టుమచ్చ సంగతి ఏంది వదినె?"

"మా అమ్మమ్మకు పుట్టుమచ్చనే లేదు" అన్నది. "ఆ అవ్వ పాపం, ఏది అడిగినా అవునంటది. వచ్చినోళ్లను ఉత్త చేతుల పంపొద్దని అనుకుంటదేమో."

"మరి నాకెందుకు చెప్పలే, ఇన్నేండ్లు?"

"మీ ఇంట్ల చెప్తే ఏమంటరోనని భయం. నిన్ను తోలుకొస్తే కనీసం ఒకరికన్న తెలుస్తదనుకున్న." చేతిలోని జామపండు ఇంకోసారి కొరికి, "నువ్వు ఏమనుకున్నవో నాకు తెలుసు. చెలక సంగతి అడుగుతననుకున్నవ్. మీ అన్న అడుగుమనే చెప్పిండు. అందుకే రెండు రోజులు తోలిండు. నేను అడగ. అడిగిన, అది ఒప్పుకోలే అని చెప్త" అన్నది.

అంటే నా అనుమానం తప్పూ కాదు, ఒప్పూ కాదు. నాకు సిగ్గుగా అనిపించింది, కొంత ఉక్రోషం కూడా వచ్చింది. మా అన్నతో నేనే మాట్లాడతానన్నాను. వారం తర్వాత మాట్లాడాను. గొడవైంది. చెలక ఇప్పటికీ అమ్మలేదు. ఏటా టమాట వేసుకునే కౌలుదారే ఇప్పుడూ దున్నుతున్నాడు. మా అన్న మా ఇంటికి రావడం తగ్గింది గానీ మానలేదు.

బండ మీద ఉండగానే వాళ్లమ్మ ఫోన్ చేసింది. వదిన ఈసారి గొంతు తగ్గించలేదు.

"దొరికిందమ్మా. బావి ఉన్నది. తలుపు గూడ ఉన్నది, పొట్టిది" అన్నది.

నేను ఆమె మొహం వైపు చూశాను. ఆమె వాగు వైపు చూస్తోంది.

ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. వాళ్లమ్మ తానూ చూడాల్సిందేనని పట్టుబట్టింది. నెల తిరక్కుండానే ఆటో మాట్లాడుకుని ముగ్గురమూ మళ్లీ పోయాం. తువ్వాలు మనిషి ఈసారి సంచులు చూడలేదు గానీ, ఆటో నంబరు ఫోటో తీసుకున్నాడు. వాళ్లమ్మ మెట్లబావి దగ్గర నిలబడి, తలుపు ఏదని అడిగింది. వదిన నీళ్లు నమిలింది. పెద్దావిడ బిడ్డ మొహంలోకి ఒక్క నిమిషం చూసి, ఇంకేమీ అడగలేదు. వంగాల్సిన పని లేకపోయినా, తల వంచి మొదటి మెట్టు దిగింది.

తర్వాత ముసలమ్మ అరుగు మీద కూర్చున్నారు ఇద్దరూ. వాళ్లమ్మ తన తల్లి గురించి ఒక్కొక్కటే చెబుతోంది, కోడిగుడ్డు పులుసు ఎట్లా చేసేదో, కోపమొస్తే ఎట్లా అలిగేదో, గొర్రెల మందను ఎట్లా పిలిచేదో. ముసలమ్మ చింతగింజలు తీస్తూ ప్రతిదానికీ, "అవునవును, గట్లనే చేసేది" అంటోంది. మేము ఆటో దగ్గర నిలబడి చాలాసేపు చూశాం. పొద్దు పోతోందని డ్రైవరు తొందరపెడుతున్నా, ఆ ఇద్దరినీ లేపడానికి వదినకు మనసు రాలేదు.