పథ్యం విడిచే మాట

2023లో బళ్లు తెరిచిన రోజులు. అమలాపురంలో నేను డైటీషియన్‌గా పనిచేసే ఆసుపత్రికి రాజోలు వైపు నుంచి సునీత గారనే లెక్కల టీచరు, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. సునీత గారికి చలికాలంలో టైఫాయిడ్ వచ్చి బోలెడు యాంటీబయాటిక్స్ వాడారు. జ్వరం పోయింది కానీ కడుపు కుదుటపడలేదు. ఉబ్బరం, ఒకరోజు మలబద్ధకం, మర్నాడు విరేచనాలు. పరీక్షల్లో ఏ జబ్బూ తేలలేదు.

"పాఠం మధ్యలో బయటికి పరిగెత్తాల్సి వస్తోందండి. పిల్లల ముందు తల కొట్టేసినట్టుంటోంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను," అని ఏడ్చేశారు.

"ఏం తింటున్నారండీ?" అన్నాను.

అత్తగారే అందుకున్నారు. "మెత్తటి అన్నం, చారు, బ్రెడ్డు. కూర ముక్క తగలనివ్వలేదండి."

"జ్వరం తగ్గి ఇన్ని నెలలైంది కదా మామ్మగారూ!"

"డాక్టరు గారు పథ్యం విడవమని చెప్పలేదు కదండీ!"

నాకు నవ్వాగలేదు. ఆరా తీస్తే, అసలు పథ్యం పెట్టినట్టే డాక్టరుకు తెలీదు. కానీ అంత నిష్ఠగా వండిపెట్టిన మనిషిని ఏమనగలం?

"మీ కోడలి పెద్దపేగులో మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటుందండి. కాయల్లో, పప్పుల్లో ఉండే కొన్ని రకాల పీచు మనకి అరగదు, వాటికి అదే తిండి. దాన్నే ప్రీబయాటిక్ అంటాం. అది తిని అవి తయారుచేసే ఆమ్లాలు పేగు పొరకి బలం. అసలే మందుల దెబ్బకి తగ్గిపోయుంటాయి. మెత్తటి అన్నం పైన చిన్నపేగులోనే అరిగిపోతే వాటికేం మిగులుతుంది?"

మామ్మగారి మొహం వాడిపోయింది. "అయ్యో! లోపలున్నవాళ్లనీ పస్తులుంచేనాండీ?"

పచ్చి అరటికాయ, అరటి బోదె లోపలుండే దూట, పెసరపప్పు కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నాను. ఒక్కసారే పెడితే గ్యాస్ పట్టేస్తుంది.

"దూట తరిగేటప్పుడు నార వేలికి చుట్టి తీసేస్తాం కదండీ. ఇక తియ్యొద్దా?"

"తీసెయ్యండి. కావలసిన పీచు ముక్కలోనూ ఉంటుంది."

"ఆయ్, అలాగేనండి."

మొదట చెంచాడు కూర. ఉబ్బరం వస్తే ఆపడం, తగ్గాక మళ్లీ పెట్టడం. విసుగన్నది లేదావిడకి. "ఇవాళ కడుపు తేలిగ్గా ఉందంటోందండి!" అని ఫోన్ చేస్తే నాకే సంబరంగా ఉండేది. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే వదిలేస్తారు మరి.

దసరా సెలవులకి ఇద్దరూ వచ్చారు. సునీత గారు పదో తరగతికి అదనపు క్లాసులు కూడా చెబుతున్నారట! లేచి వెళ్లబోతూ మామ్మగారు ఆగారు.

"ఇంతకీ పథ్యం విడిచినట్టేనాండీ? ఆ మాట మీరు నోటితో అనాలి."

"విడిచెయ్యండి మామ్మగారూ!"

"హమ్మయ్య! ఇక నేనూ రొయ్యల ఇగురు తింటానండి."

కోడలు తినలేనిది తనకెందుకని, ఆవిడా ఇన్ని నెలలూ ఆ చప్పిడి కూడే తిన్నారన్నమాట. నాకు కళ్లు చెమర్చాయి. అప్పటినుంచి ఎవరికి పథ్యం చెప్పినా, ఎప్పుడు విడవాలో కూడా అప్పుడే చెబుతున్నాను. ఇంట్లో ఇంకెవరు దాన్ని పాటిస్తున్నారో మనకేం తెలుసు?