వర్లీన్ గేటు దగ్గర అట్టపెట్టె

అమెరికాలో టెనెసీ కొండల్లోని ఆ ఊళ్లో ఎవరింట పిల్లి పిల్లల్ని పెట్టినా, వాటిని అట్టపెట్టెలో వేసి వర్లీన్ గేటు దగ్గర వదిలిపోవడం ముప్పై ఏళ్లుగా ఆనవాయితీ. ఒక్కరూ తలుపు తట్టి అడిగిన పాపాన పోలేదు. బడి వంటగదిలో చాకిరీ చేసి తెచ్చిందంతా ఆమె వాటికే పోసింది.

మోకాళ్లు అరిగిపోయాక ఊడ్చే ఓపిక లేకపోయింది. షెరీఫ్ పోలీసులు వచ్చేసరికి ఇంట్లో యాభై మూడు పిల్లులు, భరించలేని కంపు, మూల రెండు కళేబరాలు. జంతుహింసేనని కోర్టు తేల్చింది. ఫొటోతో సహా ఆమె పేరు అందరూ చూసే ప్రభుత్వ జంతుహింసకుల జాబితాకెక్కింది. ఇక పిల్లిని పెంచకూడదన్నారు.

ఆ ఫొటోను ఊరందరి ఫోన్లకూ పంపింది చర్చిలో ఆమె పక్కన కూర్చునే డార్లా. "మూగజీవాల ఉసురు పోసుకుంది, రాక్షసి!" అంటూ.

మొన్న ఆదివారం పొద్దున గేటు దగ్గర మళ్లీ పెట్టె. లోపల కళ్లు తెరవని కూనలు నాలుగు. వర్లీన్ జంతు సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేసింది.

"చోటు లేదు పెద్దమ్మా, రెండ్రోజులు నీ దగ్గరే ఉంచుకో. పేరు చెప్పు, రాసుకుంటా."

చెప్పింది.

"అయ్యో, నువ్వా! నువ్వు ఉంచుకోకూడదు!"

పెట్టె మీద డార్లా పేరు, చిరునామా ఉన్న పార్సిల్ చీటీ అలాగే ఉంది. వర్లీన్ కుంటుకుంటూ చర్చికి వెళ్లి, అందరి ముందూ ఆ పెట్టెను డార్లా ఒళ్లో పెట్టింది.

"నీ పేరింకా జాబితాకెక్కలేదు కదే. నువ్వే పెంచు."