నోవహు గారి ఇల్లు ఎటండీ?

నోవహు గారికి ఉన్న జబ్బల్లా ఒక్కటే. తన ఇంటికి తనే దారి అడుగుతారు. లాలాగూడలో ముప్ఫై ఏళ్లుగా కాపురమున్న మనిషి, కళ్లకు గంతలు కట్టి వదిలినా నేరుగా వెళ్లి తన తాళం తాను తీసుకోగల మనిషి, రోజూ సాయంత్రం ఆలుగడ్డ బావి వంతెన దగ్గర మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా కనబడ్డవాణ్నల్లా ఆపి, "నోవహు గారి ఇల్లు ఎటండీ?" అంటారు.

అడగడానికో పద్ధతి కూడా ఉంది. ముందు ఎదుటివాడి చొక్కా చేయి పట్టుకుంటారు. తర్వాత ఒక్కో మాటా సాగదీస్తారు. జవాబు చెప్పాక శ్రద్ధగా తలాడించి, అదే ప్రశ్న మళ్లీ మొదటినుంచీ అడుగుతారు. రెండోసారి కూడా ఓపిగ్గా చెప్పినవాడికే థాంక్స్ దక్కుతుంది.

ఆయన ఉద్యోగమంతా సికింద్రాబాద్ స్టేషన్లో ఎంక్వయిరీ కిటికీ వెనకే గడిచింది. ఫలానా బండి ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం అని లోకం అడుగుతుంటే చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. "సర్వీసంతా ఇచ్చిన జవాబులు ఇప్పుడు వడ్డీతోని వసూలు చేస్తున్నడు" అని బజారంతా నవ్వుకునేది. రిటైరై చాలా కాలమైంది గానీ, ఈ జబ్బు మాత్రం నిరుటి వానాకాలంలోనే పట్టుకుంది.

మొదటి గురి ఎప్పుడూ వంతెన పక్కన పంక్చర్లు వేసే పర్వతాలు మీదే. అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని రెప్ప వేయకుండా చూసే క్షణానికే సరిగ్గా ఆయన చెయ్యి పడేది.

"నోవహు గారి ఇల్లు ఎటండీ?"

"నోవహు అంటే నువ్వే గద సార్."

"అది సరే నాయనా. ఇల్లు ఎటు?"

"నీ ఇంటికి నువ్వు పోనీకి నన్నడుగుడేంది? నిన్న చెప్పిన, మొన్న చెప్పిన."

"ఇవాళ చెప్పలేదు కదండీ."

బుడగ కాస్తా తప్పిపోయేది. పర్వతాలు తొట్టికేసి చూసి, ఆకాశంకేసి చూసి, "సీదా పో, ట్యాంకు కాడ ఎడమకు మలుపు" అనేవాడు. పెద్దాయన తలాడించి, గొంతు సవరించుకుని, "నోవహు గారి ఇల్లు..." అని మళ్లీ ఎత్తుకునేవారు.

చెరుకు రసం బండి ఓంప్రకాశ్ కాస్త కొంటెవాడు. ఒకరోజు ప్రాణం విసిగి, "మౌలాలి దిక్కు పో సార్, గుట్ట కిందనే ఉంటది" అన్నాడు. ఆయన థాంక్స్ చెప్పి నిజంగానే మౌలాలి దారి పట్టారు. దీపాలు పెట్టే వేళకు చెమటతో తడిసి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, తిరిగొచ్చి బండి ముందు నిలబడ్డారు.

"అక్కడ లేదు నాయనా. ఎటంటావు?"

ఓంప్రకాశ్ మొహాన నెత్తురు చుక్క లేదు. బండి ఉన్నపళంగా వదిలేసి, ఆయన్ను గడప దాకా దిగబెట్టి, తాళం తీసేదాకా నిలబడి వచ్చాడు. ఆ తర్వాత లాలాగూడలో ఆయనకు తప్పుదారి చెప్పే సాహసం ఎవరూ చేయలేదు.

మెట్టుగూడ మెయిన్ రోడ్డు మీద కల్పలత జిరాక్స్ షాపు. ఆ షాపు నోవహు గారి దారిలో లేదు. పైగా కల్పలత ఉండేది ఆయన పక్కింట్లోనే. అయినా పనిగట్టుకుని వచ్చి ఆమెనూ అడిగేవారు.

"మా ఇంటి పక్కనే అంకుల్."

"మీ ఇల్లు ఎటమ్మాయ్?"

"మీ ఇంటి పక్కనే."

ఆమెకు విసుగు వచ్చేది కాదు. రోజు మొత్తం మీద ఆమెతో అవసరానికి మించి రెండు మాటలాడే మనిషి ఆయనొక్కరే. మిగతావాళ్లంతా ఒక పక్కా, రెండు పక్కలా అన్న దగ్గరే ఆగిపోయేవారు.

ఆమె తమ్ముడు తిరుమల్‌కు ఇరవై ఆరేళ్లు. మనిషి నిండుగా పెరిగాడు గానీ మాట, లెక్క, దారి చిన్నప్పుడే ఎక్కడో నిలిచిపోయాయి. పుట్టుకతో వచ్చిన ఎదుగుదల లోపం అన్నారు డాక్టర్లు. చేతికి ఏ కాగితం దొరికినా సంచి చేసేస్తాడు. ఒకసారి ఒకావిడ జిరాక్సుకిచ్చిన కూతురి జాతకాన్ని చక్కగా మడిచి, అందులో పల్లీలు కూడా పోసి ఇచ్చాడు.

అమ్మ పోయాక ఇంట్లో వాడూ ఆమే మిగిలారు. చుట్టాలు "వాణ్ని తీసుకురావద్దు" అని ఏనాడూ అనలేదు. ఊరికే పిలవడం మానేశారు. ఆదివారాలు ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, పక్కింట్లో నోవహు గారు టీ గిన్నె దించిన చప్పుడు వినబడేది. ఆయన భార్య పోయి ఏళ్లైంది, పిల్లల్లేరు. ఆ చప్పుడు వినగానే తిరుమల్ "తాతా" అంటూ పిట్టగోడ దూకేవాడు. కల్పలతకు మాత్రం వెళ్లి కూర్చోవాలంటే మొహమాటం. ఒంటరితనం అలవాటైతే అదీ ఒక ఉద్యోగమే, సెలవు పెట్టబుద్ధి కాదు.

అలాంటి ఆమెకు కూడా పెద్దాయన ధోరణి చూసి బెంగ పుట్టింది. ఇదేదో మతిమరుపు రోగమనుకుని, బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఇవాళ ఏ వారమని అడిగితే, వారంతో పాటు ఆ రోజు బయల్దేరే బండ్ల పేర్లు కూడా చెప్పారు. వెనక్కి లెక్కపెట్టమంటే కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా స్టేషన్లన్నీ ఒక్కటి వదలకుండా అప్పజెప్పారు.

"ఈయన జ్ఞాపకశక్తి నాకుంటే ఇంకో పీజీ చేసేదాన్ని" అంది డాక్టరమ్మ.

తిరుగు ప్రయాణంలో ఆటో దిగీ దిగగానే ఆయన డ్రైవరు చొక్కా చేయి పట్టుకున్నారు. "నోవహు గారి ఇల్లు ఎటండీ?"

కల్పలత నెత్తి కొట్టుకుంది. "ఏంది అంకుల్ గిది? మంచిగున్నరని డాక్టర్ చెప్పింది గదా."

"బాగానే ఉన్నానమ్మాయ్."

"మరెందుకు అడుగుతున్నరు?"

"అడిగితే పోయేదేముంది" అని ఆయన మాట దాటేశారు.

ఎండలు ముదిరే రోజుల్లో అసలు చిక్కు వచ్చిపడింది. తిరుమల్ స్టేషన్ అవతల ఒక కేంద్రానికి వెళ్లి, తనలాంటివాళ్లతో కలిసి కాగితం సంచులు చేస్తాడు. ఆ కేంద్రం నడిపే మేబెల్ టీచర్ ఫోన్ చేసింది.

"కల్పలతా, వ్యాన్ ఈ నెలతో ఆపేస్తున్నాం. ఇక నడిపే స్తోమత లేదమ్మా. తిరుమల్ సొంతంగా వచ్చి వెళ్లాలి."

"వాడొక్కడా? నాతోని కాదు టీచర్."

"వాడితో అవుతుంది. దారి మరిచిపోతే ఎవరినైనా అడగాలని కూడా నేర్పాం."

"అడగనైతే అడుగుతడు టీచర్. ఎదుటోడు వినాలె గదా."

నిరుడు వానాకాలంలో అదే జరిగింది. వాడు దారి తప్పి, నేర్పినట్టే ఒకణ్ని ఆపి అడిగాడు. అర్థంకాక మళ్లీ అడిగాడు. మూడోసారికి ఆ మనిషి వీణ్ని తోసేశాడు. దొంగ అని ఒకరన్నారు, తాగాడని ఇంకొకరన్నారు. కల్పలత వెళ్లేసరికి తమ్ముడు చిరిగిన చొక్కాతో బురదలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ మూగినవాళ్లలో ఒక్కరికి కూడా వాడు ఫలానావారి పిల్లాడని తెలియదు. ఆమెకు అన్నిటికన్నా బాధనిపించింది అదే.

పంపితే ఆ భయం. పంపకపోతే తిరుమల్ జిరాక్స్ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, పొద్దస్తమానం తలుపుకేసి చూస్తాడు. వాడికున్న ఒక్క లోకమూ పోతుంది. ఎవరినైనా సలహా అడుగుదామన్నా ఆమెకు మనుషుల్లేరు.

వ్యాన్ ఆఖరి వారంలో ఒకనాడు షాపు నిండా హాల్ టికెట్ల పిల్లలు. డ్రైవర్ ఫోన్ వచ్చింది. "మేడం, వంతెన కింద జామ్‌ల ఇరుక్కున్నం. మీ తమ్ముడు తలుపు తీసుకొని దిగిపోయిండు. బండి ఇడిచి పోరాకుంటయ్యింది."

ఆమె షట్టర్ సగం దించి పరుగెత్తింది. వంతెన దగ్గర ఊపిరందక పర్వతాలు ముందు ఆగింది.

"అన్నా, మా తమ్ముడు..."

"సీదా పోయి ట్యాంకు కాడ ఎడమకు" అన్నాడతను ట్యూబు మీంచి తలెత్తకుండానే.

"దారి కాదన్నా. నీలం అంగి, జెర లావుగుంటడు, మాట సాఫ్ రాదు."

"గాయన గురించే చెప్తున్న. ఇప్పుడే వచ్చిండు. అంగి పట్టుకొని, నోవహు తాత ఇల్లు ఎటు అన్నడు. చెప్పిన. మల్ల అడిగిండు. మల్ల చెప్పిన. పోయిండు."

"కోపం రాలేదా అన్నా?"

పర్వతాలు తలెత్తి కాసేపు నిజంగానే ఆలోచించాడు. "కోపమేంది? గా ముచ్చటకు నోరే జవాబు చెప్తది. నాతోని పని లేదు."

ఓంప్రకాశ్ ఇంకా దూరం నుంచే చెయ్యి ఊపాడు. "పరేషాన్ కాకు అక్కా. నేనే రోడ్డు దాటిచ్చిన. గా సార్ ఇల్లు ఎంతమందికి కావాలెనో ఏమో."

ఆమె వెళ్లేసరికి తిరుమల్ నోవహు గారి వరండాలో కూర్చుని, ఆ రోజు పేపరును సంచి చేస్తున్నాడు. "అక్కా, నేను అడిగిన. అందరు చెప్పిన్రు" అన్నాడు, మొహమంతా నవ్వుతో. పెద్దాయన దొంగతనంలో దొరికిపోయినవాడిలా నేల చూపులు చూస్తున్నారు. కల్పలతకు అప్పుడు వెలిగింది.

"అంకుల్, వీడు గిట్లనే గదా అడుగుతడు. అంగి పట్టుకొని, సాగదీసి, రెండుసార్లు."

"వాడి దగ్గరే నేర్చుకున్నానమ్మాయ్. ఆ సాగదీత నాకు ఓ పట్టాన కుదర్లేదు."

"ఇన్ని రోజుల సంది ఇందుకేనా?"

"కిటికీ వెనక కూర్చున్నవాణ్ని కదా, ఒక సంగతి మాత్రం తెలుసు. మనిషికి కోపమొచ్చేది కొత్త ప్రశ్నకే. అరిగిపోయిన ప్రశ్నకు రాదు. వాడికి అడగడం నేర్పారు, బావుంది. వీధికి చెప్పడం ఎవరో ఒకరు నేర్పాలి కదా. వాడికి నోరు తిరిగేది నా ఇల్లొక్కటే, అందుకని అదే అడిగాను."

"అందరు పిచ్చోడని నవ్విన్రు అంకుల్."

"నవ్వనీ. ఇంట్లో కూర్చుంటే నవ్వడానికి కూడా ఎవరూ రారు కదమ్మా."

కల్పలతకు కళ్లు చెమర్చాయి. ఆయనకు అలాంటివి గిట్టవు. గబగబా వేరే సంగతి ఎత్తుకున్నారు.

"వచ్చే దారి అయ్యింది. వెళ్లే దారి మిగిలింది. స్టేషన్ అవతల వాళ్లకు వాడెవరో తెలీదు. పొద్దున్నే అంతదూరం నా మోకాళ్లు రావు. నువ్వు అడుగుతావా?"

"నేనా? నాకు కొత్తోళ్లతోని మాట్లాడరాదు అంకుల్."

"మాట్లాడొద్దు. అడుగు చాలు."

మర్నాడు పొద్దున షాపు తీయకముందే, కల్పలత తిరుమల్‌తో పాటు స్టేషన్ అవతలికి వెళ్లింది. వాణ్ని కేంద్రంలో దిగబెట్టి, వెనక్కొచ్చి, పూలమ్మే ఎల్లమ్మ ముందు నిలబడింది. ఆమె కొంగు పట్టుకుని, ఎలాగో కూడదీసుకుని, కేంద్రానికి తిరుమల్ పెట్టుకున్న పేరుతోనే, "సంచుల బడి ఎటు?" అంది. ఎల్లమ్మ చెప్పింది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. ఆ మర్నాడూ అంతే. తర్వాత రోజు కొంగు మీద చెయ్యి పడగానే ఎల్లమ్మ బుట్ట దించి లేచి నిలబడింది.

"ఏందమ్మా నువ్వు? చూస్తే సదువుకున్నదాని తీరుగున్నవ్. బోణీ సుత కాలే, పొద్దుగాలనే నా పానం తింటున్నవ్. మతి గిట్ల తప్పిందా?"

పండ్ల బండివాడు నవ్వాడు, ఆటోవాళ్లు నవ్వారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. కల్పలతను చూసి వీధి నవ్వడం అదే మొదటిసారి. ఆ మాటకొస్తే వీధి ఆమెను చూడడమే మొదటిసారి. ఆమె చెంగు సర్దుకుని, ఇంకోసారి అడిగి, ఆటో ఎక్కి, షాపుకు వెళ్లకుండా నేరుగా నోవహు గారింటికి వచ్చింది. ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంకుల్, ఇయ్యాల పూలమ్మ నన్ను మస్తు తిట్టింది."

"ఏమని?"

"మతి తప్పిందని."

నోవహు గారు కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశారు. "నన్ను ఆ మాట అనడానికి పర్వతాలుకు నెల పట్టిందమ్మాయ్" అన్నారు, కొంచెం అసూయగా.