నూనె రాసిన ఆకులు

పోయిన వారం నిజామాబాద్‌లో ఒక ఆఫీసుకు పనిమీద వెళ్తే, టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. కుర్చీ పక్కన కుండీలో రబ్బరు మొక్క ఉంది. ఎక్కడ మొక్క కనిపించినా ఆకు ముట్టుకుని చూడటం నా అలవాటు. వేలు జిగటగా అంటుకుంది. వాసన చూస్తే కొబ్బరినూనె. ఒళ్ళు మండిపోయింది నాకు. సరిగ్గా అప్పుడే ఒక అధికారి గదిలోంచి బయటికి వచ్చి, చీపురు పట్టుకుని నిలబడ్డ పనామెను అందరి ముందూ కడిగేయడం మొదలుపెట్టాడు. "ఆకుల మీద గంత దుమ్మేంది? రోజూ తుడుస్తున్నవా, ఉత్తగనే వచ్చిపోతున్నవా?" ఆమె తల వంచుకుని చీపురు కట్టు బిగించుకుంటోంది. అది ఉత్త తడిగుడ్డకు పోయే దుమ్ము కాదు, నూనెలో ఇరుక్కున్న దుమ్ము. ఆ సంగతి నాకెలా తెలుసో చెప్పాలంటే మార్తక్క గురించి చెప్పాలి.

చదువు అయిపోగానే నేను పసుపు మార్కెట్టు దగ్గరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో చేరాను. మార్తక్క అక్కడ ఊడ్చి తుడిచే పని చేసేది. యాభై దాటిన మనిషి, నడుముకు బిగించిన కొంగు, వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి వినిపించే గొంతు. వరండా పొడుగునా ముప్పై కుండీలుండేవి. వాటిని చూసుకోమని ఆమెకెవరూ చెప్పలేదు, తనే నెత్తినేసుకుంది. నేను చేరిన కొన్నాళ్ళకే మార్కెట్టుకు పసుపు రావడం మొదలైంది. ట్రాక్టర్లు పోయినప్పుడల్లా సన్నటి దుమ్ము లేచి ఆసుపత్రి లోపలిదాకా వచ్చేది. ఒకరోజు మనీప్లాంటు ఆకులు పసుపురంగులో కనిపిస్తే, పండిపోయాయనుకుని నాలుగు పటపటా తెంపేశాను. మంచి పనే చేశాననుకున్నాను.

"ఏయ్ పిల్లా, ఏం జేస్తున్నవ్?" అంటూ మార్తక్క బకెట్టు దబ్బున కింద పెట్టింది.

"పండిపోయినయ్ అక్కా, అందుకే తెంపిన."

"పండినయని ఎవలు జెప్పిండ్రు నీకు? తుడ్వకముందే తెంపుతవా?" నా చేతిలోంచి ఒక ఆకు లాక్కుని తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. గుడ్డకు పసుపంటింది. ఆకు మాత్రం నిగనిగలాడే ఆకుపచ్చగా బయటపడింది. "మోర్తాడ్ పిల్లవు, పసుపు పండిచ్చెటోళ్ల బిడ్డవు. పసుపు దుమ్ము నీకు ఎర్కలేదా? జర సిగ్గుండాలె!" ఆ నాలుగు ఆకులనూ నా బల్ల మీదే పెట్టింది. సాయంత్రం అవి వాడిపోయేదాకా తీయనివ్వలేదు.

తుడవడంలో ఆమెకో పద్ధతి ఉండేది. పాత బనీను ముక్క, గిన్నెలో మామూలు నీళ్ళు. ఎడమ అరచెయ్యి ఆకు కింద ఆనించి, కుడిచేత్తో తొడిమ నుంచి కొసదాకా మెల్లగా ఒక్కసారే లాగేది. అటూ ఇటూ రుద్దితే ఊరుకునేది కాదు. తర్వాత ఆకు తిప్పి అడుగు వైపు తుడిచేది. "పురుగు కిందనే దాసుకుంటది. మీద తుడ్సి మురిస్తె ఏమొస్తది?" అనేది. నూగు ఉండే ఆకులకు నీళ్ళు తగలనిచ్చేది కాదు, మెత్తటి బ్రష్షుతో దులిపేది. వయసులో ఉన్నప్పుడు రుద్రూర్‌లో చెరుకు మీద పరిశోధన చేసే పొలాల్లో కూలికి వెళ్ళేదట. అక్కడి సార్లు ఆకు మీది దుమ్ము తుడిపించి, మచ్చలు కళ్ళారా చూశాకే రోగం పేరు చెప్పేవారట. "గంత సదువుకున్నోళ్లే తుడ్సి సూసినంక మాట్లాడేది. నీకేం తొందర పుట్టింది?" అని నన్ను ఎన్నిసార్లు దులిపిందో లెక్కలేదు. అప్పట్లో ఆ తిట్లకు చిరాకుపడేదాన్ని. ఆమె ఆదివారం చర్చికి వెళ్తే మాత్రం వరండా బోసిగా అనిపించేది.

కొత్త విభాగం ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తున్నారని మేనేజరుకు కాలు నిలవడం లేదు. ఆకులు అద్దాల్లా మెరవాలన్నాడు. "కొబ్బరినూనె రాయి మార్తమ్మా, తళతళ మెరుస్తయ్."

"రాయను సారూ. నూనె రాస్తె ఆకుకు గాలాడది. గీ పసుపు దుమ్మంత వచ్చి అతుక్కుంటది."

"నువ్వేమన్న సైంటిస్టువా?"

"కాదు సారూ. తుడ్సేదాన్ని." అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. నలుగురి ముందు ఆ మాట పడేసరికి ఆయన మొహం మాడిపోయింది.

ఆ ఆదివారం సాయంత్రమే ప్రారంభం. పొద్దున్నే, మార్తక్క చర్చిలో ఉన్న వేళ, మేనేజరు నూనె సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నువ్వు సదువుకున్న పిల్లవు, చెప్పితె అర్థమైతది" అన్నాడు. ఆ పొగడ్తకు పడిపోయానో, ఉద్యోగం కొత్త కాబట్టి భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె చెప్పింది చెవులారా విన్నదాన్ని, అయినా ముప్పై కుండీలకూ రాశాను. వచ్చినవాళ్ళు మొక్కలు భలే ఉన్నాయన్నారు. సోమవారం మార్తక్క మెట్లెక్కుతూనే వాసన పట్టింది. "ఎవలు రాసిండ్రు? ఎవలకు పుట్టింది గీ బుద్ధి?" అని వరండా దద్దరిల్లేలా అరిచింది. నేను రిజిస్టరులో తల దూర్చాను. ఆమె నా బల్ల దగ్గర ఆగి, నూనె మరక పడ్డ నా చున్నీ కొసను చూసి, తడిగుడ్డ తీసుకుని మొదటి కుండీ దగ్గరికి వెళ్ళింది.

నెల తిరక్కుండానే ఆకులన్నీ పసుపూ మట్టీ కలిసిన ముద్దల్లా తయారయ్యాయి. ఆమె ఎంత తుడిచినా జిడ్డు పూర్తిగా వదల్లేదు. ఆకులు నిజంగానే పండి రాలడం మొదలైంది. ఒకరోజు ఆసుపత్రి పెద్ద డాక్టరు వరండాలో ఆగి ఇదేమిటని అడిగాడు. మేనేజరు తడుముకోకుండా, "మార్తమ్మ తుడుస్తలేదు సార్. నోరు తప్ప పని లేదు" అన్నాడు. ఎంత గుండె ధైర్యం ఆ మనిషికి! సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టిన చెయ్యి అది! మార్తక్క ముందుకొచ్చి తడిగుడ్డ చాపింది. "తుడ్సి సూడు సారూ. గీ గుడ్డకు నూనె అంటకపోతె నేనే పోత." ఆ గుడ్డ అందుకున్నవాడు లేడు. డాక్టరు నా వైపు తిరిగి, "నువ్వు ఎదురుగానే కూర్చుంటావు కదమ్మా, ఆమె రోజూ తుడుస్తుందా?" అని అడిగాడు.

నేనన్న మాట కూడా చెప్తాను. "నాకు తెల్వదు సార్" అన్నాను. మరునాటి నుంచి మార్తక్కను పనిలోకి రావద్దన్నారు. ఆమె బనీను ముక్కలు ఉతికి, కుండీల వెనక తీగ మీద ఆరేసి వెళ్ళిపోయింది.

వేరే ఉద్యోగం వచ్చాక, ఇక భయం లేదనుకున్నాక, ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గడప ముందు కూర్చుని క్రోటన్ ఆకులు తుడుస్తోంది. "అక్కా, ఆ నూనె రాసింది నేనే" అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆమె చెయ్యి ఆగలేదు. "నీ చున్నీ సూసిన్నాడే ఎర్క నాకు. నాకు జెప్పుడెందుకు? ఎర్క లేనోళ్లకు జెప్పు. గా డాక్టరుకు జెప్పు. గదే వరండల నిలవడి జెప్పు." చాయ్ పోసి ఇచ్చింది గానీ, పోనీలే బిడ్డా అనలేదు. ఎందుకంటుంది? నేను ఆ వరండాకు వెళ్ళలేదు. ఇవాళ రేపు అంటూ గడిపాను. ఆ ఆసుపత్రి మూతపడింది, డాక్టరు ఎటో వెళ్ళిపోయాడు, చివరికి మార్తక్కా పోయింది. మేనేజరు మీద నాకున్న కోపం ఒకెత్తు, నా మీద నాకున్న కోపం ఒకెత్తు.

అందుకే ఆ రోజు ఆ ఆఫీసులో లేచి నిలబడ్డాను. "ఆమెనెందుకంటున్నారు? మీరొక్కసారి తుడిచి చూశారా?" అన్నాను. చేతిరుమాలు సీసా నీళ్ళతో తడిపి, ఎడమ అరచెయ్యి ఆకు కింద పెట్టి తుడిచాను. నల్లటి జిడ్డు ముద్ద వచ్చింది. అధికారి ముక్కు ముందు పెట్టి, "నూనె ఎవరు రాయించారు?" అని అడిగాను. "మీకెందుకు మేడమ్? నూనె వల్లనే అని మీకెట్ల తెలుసు?" అన్నాడు. "నేనూ రాసిన కాబట్టి తెలుసు. నేను రాస్తే ఇంకొకామె నౌకరీ పోయింది" అన్నాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. ఆయన ఏదో గొణుక్కుంటూ గదిలోకి వెళ్ళాడు. పనామె చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. "గీ జిడ్డు ఎట్ల పోతది అక్కా?" అంది. గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల సబ్బు కలిపి తుడవమనీ, వెంటనే మంచినీళ్ళతో మళ్ళీ తుడవమనీ చెప్పాను. చెయ్యి కింద పెట్టడం మరిచిపోవద్దన్నాను.

అక్కడ విన్నది పదిమంది. ఇది చదివే మీరు ఇంకొంతమంది. మీకెవరికీ మార్తక్క ఎరుక లేదు, అందుకే మీకు చెప్తున్నాను. ఆమె రోజూ తుడిచేది సార్. నేను ఎదురుగానే కూర్చునేదాన్ని. నూనె రాసింది నేను.